పరమాణు నిర్మాణము – గ్రామ జలము

పరమాణువు అను మాట చెవిని పడగానే చాలమందికి 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై పడిన బాంబులు స్ఫురణకు వచ్చును. అది ప్రయోగశాలలకు, పెద్ద ప్రభుత్వములకు సంబంధించిన వ్యవహారమనియు, గ్రామ పంచాయతీకి దానితో పని లేదనియు తలచుట సహజము. కాని పంచాయతీ సమావేశము ముందునకు నీటి పరీక్షా నివేదిక వచ్చినప్పుడు, అందులో "ఫ్లోరైడు, లీటరుకు 3 మిల్లీగ్రాములు" అని వ్రాసియున్నప్పుడు, ఆ చిన్న పంక్తి చెప్పునది పరమాణువుల కథయే. ఆ కథ తెలియనిచో నివేదిక దస్త్రములో చేరి మరుగున పడును. తెలిసినచో సభ్యులు దానిని బల్లమీద పెట్టి మాటలాడుదురు. కావున ఈ పాఠమునందు పరమాణువు ఎట్లు నిర్మితమైయున్నదో, ఆ నిర్మాణము మన ఊరి నీటితోను, మన పిల్లల ఎముకలతోను ఎట్లు ముడివడి యున్నదో వివరింప ప్రయత్నింతుము. చదువరులకు రసాయన శాస్త్రముతో పూర్వపరిచయ మక్కరలేదు.

ముందుగా ఒక ప్రశ్న. ఫ్లోరైడు ఎక్కువగానున్న గ్రామములందు నీటినిగూర్చి మాట వచ్చినప్పుడెల్ల ఎవరో ఒకరు అడుగునది ఇది: "నీటిని బాగుగ కాచి, చల్లార్చి త్రాగినచో దోషము పోదా?" అడుగుట న్యాయమే. కలరా, టైఫాయిడు వంటి వ్యాధుల విషయమున కాచిన నీరు త్రాగుడని ఎన్నో యేండ్లుగా మనమందరము ప్రచారము చేసియున్నాము. ఆ ప్రచారమును నమ్మినవారే ఈ ప్రశ్న వేయుదురు. అయినను దీనికి సమాధానము "పోదు" అనియే. పోకపోవుటయే కాదు; కాచినకొలది నీరు ఆవిరియై తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు. కనుక మిగిలిన నీటిలో దాని పాలు మరికొంత పెరుగును. సూక్ష్మక్రిమి నిప్పునకు చచ్చును, పరమాణువు చావదు. ఈ భేద మెక్కడ నున్నదో చూతము.

ఒక బంగారు తునకను రెండుగా, రెంటిని నాలుగుగా ఖండించుకొనుచు పోయినచో, ఇంకను ఖండించిన అది బంగారముగా నిలువని యొక దశ వచ్చును. ఆ కడపటి రేణువే బంగారు పరమాణువు. ఒకే జాతి పరమాణువులతో కూడిన పదార్థమును మూలకమందురు. బంగారము, ఇనుము, రాగి, గంధకము, ప్రాణవాయువు మూలకములు. నేటివరకు గుర్తింపబడిన మూలకములు 118. నీరు మూలకము కాదు. రెండు ఉదజని పరమాణువులును, ఒక ప్రాణవాయు పరమాణువును కలిసి ఒక నీటి అణువగును. పరమాణువు వేరు, అణువు వేరు. పరమాణువుల కూటమి అణువు. వార్తాపత్రికలలో "అణుబాంబు" అను మాట స్థిరపడినది గాని, నిజమునకు ఆ బాంబునకు అణువుతో నిమిత్తము లేదు. దాని పని అంతయు పరమాణువు నడుమనుండు కేంద్రకముతోనే.

పరమాణువు ఎంత చిన్నది? ఒక సెంటీమీటరు పొడవున వరుసగా పేర్చినచో సుమారు 10 కోట్ల పరమాణువులు పట్టును. ఒక నీటిబొట్టులోని అణువులను నేటి భారతదేశ జనులందరికి సమముగా పంచినచో ఒక్కొక్కరి వంతునకు సుమారు లక్ష కోట్లు వచ్చును. ఇంతటి చిన్నదానిని కంటితో చూచి తెలిసికొనుట కాదు. దాని నడవడిని బట్టి లోపలి సంగతిని ఊహించి, ఆ ఊహను మరల ప్రయోగముతో పరీక్షింపవలసి వచ్చినది.

పదార్థమును విభజించుకొనుచు పోగా ఇక విభజింపరాని దొకటి మిగులునని మన దేశమున వైశేషిక దర్శనకర్తయగు కణాదుడును, గ్రీసు దేశమున డెమోక్రిటసును చాల ప్రాచీన కాలముననే చెప్పిరి. అది తర్కముచేత తేల్చిన విషయము. తూచి, కొలిచి తేల్చినది కాదు. కణాదుని గౌరవించుటకు ఆయన చెప్పని సంగతులను ఆయనకు అంటగట్ట నక్కరలేదు. తూనికలతో ఈ విషయమును నిలబెట్టినవాడు ఇంగ్లండులోని బడిపంతులు జాన్ డాల్టను. మూలకములు ఒకదానితో నొకటి కలియునప్పుడు ఎల్లప్పుడును నిర్ణీతమైన పాళ్లలోనే కలియుచున్నవనియు, పరమాణువు లున్నచోనే అట్లు జరుగుననియు ఆయన 1808లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. పరమాణువును ముక్కలు చేయజాలమని డాల్టను తలచెను.

1897లో కేంబ్రిడ్జియందు జె. జె. థామ్సను గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రవహింపజేసి, పరమాణువు కంటె ఎంతో తేలికయైన యొక రేణువును కనుగొనెను. దానికే ఎలక్ట్రాను అని పేరు. అది ఋణవిద్యుత్తు గలది. పరమాణువు మొత్తముమీద విద్యుత్తు లేనిది గదా. కావున ఎలక్ట్రానుల ఋణమునకు సరిపడు ధనవిద్యుత్తు లోపల మరియొకచోట నుండి తీరవలెను. అది మంచువలె పరమాణువంతటను పలుచగా పరచుకొని యున్నదని థామ్సను తలచెను.

ఈ తలపును పరీక్షించినవాడు ఎర్నెస్టు రూథర్ఫర్డు. ఆయన 1871లో న్యూజీలండు దేశపు పల్లెపట్టున జన్మించెను. ఆయన పర్యవేక్షణమున మాంచెస్టరులో గైగరు, మార్సుడెను అను నిరువురు, వెయ్యి రెండువేల పరమాణువుల మందము మాత్రమే గల బంగారు రేకుపైకి ధనవిద్యుత్తు గల వేగవంతములైన రేణువులను పంపి, అవి ఎటు పోవుచున్నవో చూచిరి. దట్టముగా పట్టిన మంచులోనికి వడిసెలతో రాళ్లు విసరుచున్నామనుకొనుడు. రాళ్లన్నియు మంచును చీల్చుకొని ఆవలికి పోవలెను. కాని వేలలో ఏ ఒక్క రాయియో వెనుకకు తిరిగి మన ముఖముమీదికే వచ్చినచో? మంచు నడుమ ఎక్కడనో ఒక బండ యున్నదని గ్రహింపక తప్పదు. బంగారు రేకునుండి అట్లే వేలలో ఏ ఒక్క రేణువో వెనుకకు మరలినది. దానిని బట్టి రూథర్ఫర్డు 1911లో, పరమాణువు బరువు దాదాపు అంతయు, ధనవిద్యుత్తు అంతయు, నడుమనున్న అత్యల్పమైన చోట కూడియున్నదని తేల్చెను. అదియే కేంద్రకము.

దాని కొలతను మనసునకు పట్టించుకొనుటకు బంగారు పరమాణువునే తీసికొందము. కేంద్రకము ఒక సెంటీమీటరు గల పెద్ద సెనగగింజ అయినచో, పరమాణువు అడ్డుకొలత సుమారు 200 మీటర్లగును. అనగా గ్రామ చావడి నడుమ ఆ గింజ నుంచినచో పరమాణువు హద్దు ఊరి చివరి వీధిదాక పోవును. ఈ నడుమ నున్న దంతయు ఎలక్ట్రానులు తిరుగు ఖాళీయే. మనము కూర్చున్న బండరాయి కూడ అధికభాగము ఇట్టి ఖాళీయే.

కేంద్రకములో రెండు విధములైన రేణువులు కలవు. ధనవిద్యుత్తు గలది ప్రోటాను; ఏ విద్యుత్తును లేనిది న్యూట్రాను. న్యూట్రానును 1932లో జేమ్సు చాడ్విక్కు కనుగొనెను. ఇవి రెండును దాదాపు సమాన భారము గలవి. ఎలక్ట్రాను బరువు ప్రోటాను బరువులో సుమారు 1836వ వంతు. ఒక మూలకమునకు ఆ పేరు వచ్చుటకు కారణము దాని ప్రోటానుల లెక్క. ఒక ప్రోటాను గలది ఉదజని. 8 గలది ప్రాణవాయువు. 9 గలది ఫ్లోరిను. 20 గలది కాల్షియము. 79 గలది బంగారము. ఈ లెక్కయే మూలకమునకు నిజమైన గుర్తని 1913లో నిరూపించిన మోస్లీ అను యువకుడు మొదటి ప్రపంచ యుద్ధములో సైనికుడుగా చేరి, 1915లో తన 27వ యేట గల్లిపోలియందు చనిపోయెను.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. కట్టెల పొయ్యి గాని, గ్యాసు పొయ్యి గాని, ఆమ్లము గాని, సున్నము గాని, సూర్యరశ్మి గాని పరమాణువులోని వెలుపలి ఎలక్ట్రానులను మాత్రమే కదలింపగలవు. కేంద్రకము జోలికి అవి పోజాలవు. కేంద్రకమును మార్చుటకు వానికి లక్షల రెట్లు మించిన శక్తి కావలెను. (యురేనియము, రేడియము వంటివి తమంతట తామే మారుచుండును, మన పాఠమునకు అవి యక్కరలేదు.) సూక్ష్మక్రిమి యనునది కోట్లకొలది అణువులు ఒక క్రమములో అమరిన జీవి. వేడిచేత ఆ అమరిక చెదరినచో క్రిమి చచ్చును. అందలి పరమాణువులు మాత్రము ఒక్కటియు నశింపలేదు. ఫ్లోరైడు క్రిమి కాదు; అదియే పరమాణువు. దానిని చంపుట యను మాటయే లేదు. ఒకచోటి నుండి తీసి మరియొకచోట పెట్టుట మాత్రమే మనకు సాధ్యము.

రసాయన వ్యవహారమంతయు ఎలక్ట్రానులతో జరుగునని చెప్పితిమి. ఆ ఎలక్ట్రానులు కేంద్రకము చుట్టు ఎట్లు అమరియున్నవో 1913లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు నీల్సు బోరు ఒక పద్ధతిని సూచించెను. అవి గ్రహములవలె గీచిన గీటుపై తిరుగవనియు, మేఘమువలె వ్యాపించి యుండుననియు 1925-26 సంవత్సరములలో తేలినది గాని, మన పనికి బోరు లెక్క చాలును. పెండ్లి భోజనములో బంతులు వేసినట్లు ఊహించుకొనుడు. కేంద్రకమునకు మిక్కిలి దగ్గరి బంతిలో రెండు విస్తళ్లు. రెండవ బంతిలో ఎనిమిది. మూడవ బంతిలో ప్రస్తుతమునకు ఎనిమిది. మూడవ బంతిలో నిజమునకు ఇంకను చోటు కలదు. కాని మొదటి యిరువది మూలకములకు ఈ లెక్క సరిపోవును. లోపలి బంతి నిండిన పిదపనే వెలుపలి బంతి మొదలగును. చివరి బంతి నిండిన పరమాణువు తృప్తి చెందినది. అది ఎవ్వరి జోలికిని పోదు. దుకాణముల పేరు పలకలలో వెలుగు నియాను వాయువు అట్టిది: దానికి 10 ఎలక్ట్రానులు, రెండు బంతులును నిండుగానుండును. చివరి బంతి వెలితిగనున్న పరమాణువులే ఒకదానితో నొకటి ఇచ్చిపుచ్చుకొనును. లోకములోని ఉప్పు, సున్నము, తుప్పు, ఎరువు, ఎముక, అన్నియు ఈ ఇచ్చిపుచ్చుకొనుటల ఫలితములే.

మీ వంటింటి ఉప్పును చూడుడు. సోడియమునకు 11 ఎలక్ట్రానులు: 2, 8, ఆపైన చివరి బంతిలో ఒంటరిగా 1. క్లోరినుకు 17: 2, 8, 7. సోడియము తన ఒంటరిని వదలించుకొన జూచును. క్లోరిను ఒక్కటి దొరికిన చాలునని యుండును. సోడియము ఒంటిగ నున్నప్పుడు నీటిలో పడిన మండిపడు లోహము. క్లోరిను ఒంటిగ నున్నప్పుడు విషవాయువు. 1915లో బెల్జియములోని ఈప్రు యుద్ధభూమిలో దానిని సైనికులపై వదలిరి. ఒక్క ఎలక్ట్రాను చేతులు మారగనే ఈ రెండును శాంతించి, మనము పప్పులో వేసికొను ఉప్పు అగుచున్నవి. ఇట్లు ఎలక్ట్రానును పోగొట్టుకొన్న లేక సంపాదించుకొన్న పరమాణువును అయాను అందురు. ఎలక్ట్రానును సంపాదించిన క్లోరినునకు క్లోరైడు అనియు, ఫ్లోరినునకు ఫ్లోరైడు అనియు పేర్లు. కేంద్రకము మారలేదు, మూలకము మారలేదు. నడవడి మాత్రము పూర్తిగా మారినది.

పంచాయతీ వారు ట్యాంకులో కలుపు బ్లీచింగు పౌడరు పనిచేయు తీరు ఇదియే. అందులోని క్లోరిను ఇంకను ఆకలితో నున్న స్థితిలో నుండును. అది క్రిములను తాకి, వాని దేహములలోని అణువులనుండి ఎలక్ట్రానులను లాగుకొనును. క్రిమి చచ్చును, క్లోరిను క్లోరైడుగా శాంతించును. నీరు మురికిగ నున్నచో క్లోరిను అంతయు ఆ మురికితోనే శాంతించిపోయి, క్రిములకు మిగులదు. అందుచేతనే చివరి కుళాయి యొద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రామైనను ఆకలి తీరని క్లోరిను మిగిలియున్నదో లేదో చూడవలెనని నియమము. మూత తీసియుంచిన పాత పౌడరు బలహీనపడుటకును కారణము ఇదే విధమైనది: సంచిలోనే దాని ఆకలి తీరిపోవును.

మరి బ్లీచింగు పౌడరు ఫ్లోరైడును తొలగింపదా? తొలగింపదు. ఫ్లోరినుకు 9 ఎలక్ట్రానులు: 2, 7. ఒక్క విస్తరి ఖాళీ. బంతులు రెండే యగుటచే ఆ ఖాళీ విస్తరి కేంద్రకమునకు చాల దగ్గర. కేంద్రకపు ఆకర్షణము బలవత్తరము. ఎలక్ట్రానును లాగుకొనుటలో మూలకములన్నిటిలో ఫ్లోరినును మించినది లేదు. లాగుకొన్న పిదప దానిని విడిపించుట ఎంత కష్టమనగా, ఫ్లోరినును ఒంటిగ తీయుటకు పలువురు శాస్త్రజ్ఞులు ప్రయత్నించి ఆరోగ్యములను పోగొట్టుకొనిరి. తుదకు 1886లో ఫ్రాన్సు దేశస్థుడగు హెన్రీ మొయస్సాను విద్యుచ్ఛక్తితో సాధించెను. 1906లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. ప్రకృతిలో ఫ్లోరిను ఒంటిగ తిరుగుట చాల అరుదు. శిలలలోను, నీటిలోను ఫ్లోరైడుగానే యుండును. తృప్తి చెందిన ఫ్లోరైడును బ్లీచింగు పౌడరు కదలింపజాలదు. దానికి రంగు లేదు, వాసన లేదు, త్రాగునీటిలో నుండు స్వల్ప పరిమాణమున రుచియు తెలియదు.

ఇక్కడ పాఠములోని ముఖ్యాంశము వచ్చినది. పాఠకులు ఒక చిన్న కూడిక చేయవలెనని కోరుచున్నాము. మన ఎముకలు, పండ్లు ముఖ్యముగా కాల్షియము, భాస్వరము, ప్రాణవాయువులతో కట్టబడిన సన్నని స్ఫటికములు. ఆ కట్టడములో అక్కడక్కడ హైడ్రాక్సైడు అను ఒక అయాను ఇటుకవలె అమరియుండును. అది ఒక ప్రాణవాయు పరమాణువు, ఒక ఉదజని పరమాణువు కూడినది. పైన ఒక ఎలక్ట్రాను అదనముగా కలది. ప్రోటానులను లెక్కింపుడు: ప్రాణవాయువునకు 8, ఉదజనికి 1, మొత్తము 9. ఎలక్ట్రానులు: 8, 1, అదనముగా 1, మొత్తము 10. ఇప్పుడు ఫ్లోరైడును లెక్కింపుడు: ప్రోటానులు 9, ఎలక్ట్రానులు 9, అదనముగా 1, మొత్తము 10. రెండు లెక్కలును సమానమే. రెంటి పరిమాణమును దాదాపు సమానమే. ఎముక అను కట్టడమునకు ఈ రెండు ఇటుకల భేదము తెలియదు. హైడ్రాక్సైడు తొలగిన గూటిలో ఫ్లోరైడు వచ్చి కూర్చుండును. పైగా మునుపటి ఇటుక కంటె గట్టిగా పట్టుకొనును.

కొద్ది మోతాదులో ఇది హాని కాదు. పంటి పైపూత గట్టిపడి, పుప్పి పట్టుట తగ్గును. అందుకే దంతధావనపు పేస్టులలో ఫ్లోరైడును చేర్చుదురు. కాని త్రాగునీటి ద్వారా ప్రతి దినము హెచ్చుగా చేరుచున్నప్పుడు కథ మారును. పండ్లు ఏర్పడు వయస్సులో, అనగా సుమారు ఎనిమిదేండ్ల లోపల, అట్టి నీరు త్రాగిన పిల్లల పండ్లపై సుద్దవంటి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు వచ్చును. అవి తోమినను పోవు. మరి కొన్ని యేండ్లకు ఎముక మందమగును, కీళ్ల దగ్గర అక్కరలేనిచోట పెరుగును, మెత్తగనుండవలసిన బంధనములు కూడ ఎముకవలె బిగిసిపోవును. మెడ తిరుగదు, వెన్ను వంగిపోవును. ఎముకలు ఎదుగుచుండుటచే పిల్లల దేహములో పెద్దలకంటె హెచ్చు పాలు నిలిచిపోవును. ఒకసారి వచ్చిన వంకరను సరిదిద్దు మందు లేదు. నీటిని మార్చుట ఒక్కటియే రాబోవు పిల్లలను కాపాడు మార్గము.

ఇది తెలుగువారికి దూరపు సంగతి కాదు. భారతదేశమున ఈ వ్యాధిని మొదట వైద్యశాస్త్రరీత్యా వర్ణించిన వ్యాసము 1937లో వెలువడినది. అందలి రోగులు నాటి నెల్లూరు జిల్లా పల్లెల వారు. నల్లగొండ ప్రాంతమున మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకులనుగూర్చి 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ ప్రాంతముల నేల క్రింద నుండునది నల్లరాయి జాతి శిల. ఆ శిలలోని అభ్రకము వంటి ఖనిజములలో కూడ హైడ్రాక్సైడు గూళ్లలో ఫ్లోరైడు కూర్చుండియున్నది. నీరు ఎక్కువ కాలము ఆ శిలను అంటి నిలిచినప్పుడు, ఎముకలో జరుగు మారకము అక్కడ తలక్రిందులుగ జరుగును: సోడావంటి క్షారగుణముగల నీటిలోని హైడ్రాక్సైడు శిలలోనికి పోవును, ఫ్లోరైడు నీటిలోనికి వచ్చును. లోతైన బోరునీటిలో తరచుగ ఇది ఎక్కువగ నుండుటకు కారణము, ఆ నీరు రాతి పగుళ్లలో దీర్ఘకాలము నిలిచియుండుటయే. ఒక్క ఊరిలోనే రెండు బోర్లలో రెండు విధములుగ నుండవచ్చును.

ఇందులో గృహిణులకు తప్పక చెప్పదగిన యొక మెలిక కలదు. కాల్షియమునకు 20 ఎలక్ట్రానులు: 2, 8, 8, 2. చివరి రెంటిని అది రెండు ఫ్లోరినులకు ఒక్కొక్కటి చొప్పున ఇచ్చినచో కాల్షియము ఫ్లోరైడు అను రాయి ఏర్పడును. అది నీటిలో బహుస్వల్పముగ మాత్రమే కరగును. అనగా కాల్షియము మెండుగనున్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగ నిలువజాలదు. కాల్షియము తక్కువై, సోడా హెచ్చుగనున్న నీటిలో అది స్వేచ్ఛగ నిలుచును. కందిపప్పు త్వరగ ఉడుకు నీరు, సబ్బు బాగుగ నురుగు పట్టు నీరు మంచిదని మన పెద్దలు నిర్ణయించుకొనెడివారు. ఆ పరీక్ష వంటకు సరియైనదే. కాని పప్పును చక్కగ ఉడికించు ఆ మెత్తని నీటిలోనే ఒక్కొక్కప్పుడు ఫ్లోరైడు అధికముగ నుండును. నాలుకను, పప్పును నమ్మి బోరును నిర్ణయింపరాదు.

భారత ప్రమాణముల సంస్థ 2012 నాటి నిర్ణయము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు అంగీకారయోగ్యము. మరియొక ఆధారము లేనప్పుడు 1.5 వరకు సహింపదగినది. ఈ 1.5 ఎంత? వేయి లీటర్ల ట్యాంకిలో గ్రామున్నర, అనగా ఒక చిటికెడు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరునీటిని దినమునకు మూడు లీటర్లు త్రాగు కూలివాడు ఏడాదికి నాలుగు గ్రాములకు పైగ మ్రింగును. కొంత మూత్రముతో పోవును. కొంత ఎముకలో నిలుచును. ఎండలో పనిచేయువారు ఎక్కువ నీరు త్రాగుదురు గనుక వారికే భారము హెచ్చు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు పంచాయతీల విషయములలో నొకటిగ పేర్కొనబడినది. కావున అడుగవలసినది మీరే. త్రాగుటకు వాడు ప్రతి బోరు నీటిని, ప్రతి బావి నీటిని వేరువేరుగ, ఏటికొక్కసారి యైనను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపింపుడు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామ మహిళలకు పరీక్షా పెట్టెలతో నీటిని చూచుట నేర్పుచున్నారు. మీ ఊరిలో అట్టివా రున్నచో వారి పుస్తకమును సమావేశమునకు తెప్పించి చూడుడు. పెట్టెలోని రంగు అనుమానము కలిగించినచో ప్రయోగశాల అంకెను తెప్పింపుడు. హద్దు మీరిన బోరుకు ఎఱ్ఱరంగు వేసి, అది పశువులకు గాని, త్రాగుటకు గాని కాక బట్టలుతుకుట వంటి పనులకేయని వ్రాయించుట మంచిది.

నివారణ మార్గములలో మొదటిది వేరు నీరు: నదీజలము, చెరువు నీరు, వాననీరు. కృష్ణాజలము కుళాయిల ద్వారా అందిన నల్లగొండ పల్లెలకు మేలు జరిగినది. అయితే కుళాయి నాలుగు దినములు రానిచో జనులు పాత బోరు దగ్గరకే పోవుదురు. ఆ బోరులోని ఫ్లోరైడు ఎక్కడికిని పోలేదు. కుళాయి వచ్చినదని పరీక్షలు మానుట తగదు.

వేరు నీరు లేనిచోట నీటినుండి ఫ్లోరైడును తీయవలెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశాబ్దములో రూపొందించిన పద్ధతి మన జిల్లా పేరుతోనే "నల్లగొండ పద్ధతి"గ ఇతర దేశములలో కూడ ప్రసిద్ధమైనది. అందు వాడునవి సున్నము, పటిక, క్రిములకై కొంచెము బ్లీచింగు పౌడరు. పటికలోని అల్యూమినియమునకు 13 ఎలక్ట్రానులు: 2, 8, 3. ఆ మూడింటిని పోగొట్టుకొన్న అల్యూమినియము అయాను నీటిలో మెత్తని పత్తివంటి తరకలుగ మారును. ఫ్లోరైడు వానిని అంటుకొని అడుగునకు దిగును. ఈ తరకలు చక్కగ ఏర్పడుటకు నీటిలో తగినంత క్షారగుణ ముండవలెను, సున్నము అందుకొరకే. మందులు కలిపి, మెల్లగ పది నిమిషములు త్రిప్పి, గంటసేపు కదలింపక యుంచి, పైనీటిని వడకట్టుదురు. పటిక ఎంత వేయవలెనో ఫ్లోరైడును బట్టియు, క్షారగుణమును బట్టియు మారును. కావున ప్రయోగశాలను అడుగునప్పుడు ఈ రెండు అంకెలను అడుగవలెను. ప్రక్క ఊరి మోతాదును తెచ్చి వేయరాదు. పటిక ఎక్కువైనచో అల్యూమినియమే నీటిలో మిగులును.

పద్ధతి ఏదైనను, తీసిన ఫ్లోరైడు ఎక్కడనో ఒకచోట నుండియే తీరును. నల్లగొండ పద్ధతిలో అది తొట్టి అడుగున మడ్డిగ మిగులును. చాల ఊళ్లలో నేడు పనిచేయుచున్న ఆర్.ఓ. యంత్రములలో అది బయటికి వదలు నీటిలో కూడుకొని, బోరునీటి కంటె చిక్కనై పోవును. ఆ నీటిని పశువుల తొట్టిలోనికి మళ్లించుట గాని, మడ్డిని బావి గట్టున పారబోయుట గాని కూడదు. యంత్రము పెట్టుటకు తీర్మానము వ్రాయునప్పుడే, మడ్డికి బావులకు దూరముగ మెట్టనేలలో గుంట ఎక్కడ త్రవ్వవలెనో, విడుదల నీరు ఎటు పోవలెనో కార్యదర్శిచే అదే తీర్మానములో వ్రాయించి, ఆ స్థలమును సభ్యులు స్వయముగ చూచి సంతకములు చేయవలెను.